నాయనకు తెలియకూడదు

తాడిపత్రిలో అబద్ధాల పోటీ పెడితే మొదటి బహుమతి తనదేనని వేణుగోపాల్‌కు ఈ నెలలో గట్టి నమ్మకం కుదిరింది.

నాయన శ్రీరంగప్పకు కడుపులో గడ్డ. క్యాన్సర్. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క శ్రీరంగప్పకు తప్ప. రోగం పేరు రోగి చెవిన పడితే మందు పనిచేయదని వాళ్లింట్లో తాతల నాటి నమ్మకం. భయపడి వైద్యం వద్దంటే ప్రాణానికే ముప్పు.

అసలు కడుపునొప్పని మూలుగుతూనే ముసలాయన కడుపులోకి గొట్టం దించే పరీక్షకు ససేమిరా అన్నాడు. "నువ్వూ మింగితేనే నేను మింగేది" అని మొండికేశాడు. సరేనని తోడుగా వేణుగోపాల్ కూడా మింగాడు. కొడుకంటే ఇలా ఉండాలని ఊరు చెప్పుకోవాలి కదా. అందుకని ఊరందరికీ తనే చెప్పాడు.

రిపోర్టుల కోసం డాక్టరు గదిలోకి వెళ్లింది మాత్రం భార్య లక్ష్మీప్రసన్న. బయటికొచ్చి, "మామకే..." అని గోడకానుకుని బావురుమంది. పన్నెండేళ్లుగా మామ కంచంలో మజ్జిగ విసురుగా పోసిన మనిషి! ఇన్నాళ్లూ ఈమె మనసు తెలుసుకోలేకపోయానే అని వేణుగోపాల్ సిగ్గుపడ్డాడు.

ఆ తర్వాత ఫోనులో నాలుగు వీడియోలు చూసి సగం డాక్టరైపోయాడు. తన సిమెంటు అంగట్లో గ్యాస్ బిళ్ల చప్పరిస్తూ బావమరిది రాజేంద్రకు పాఠం చెప్పాడు.

"గడ్డ ఊరికే కూచోదు రాజేంద్రా. ఒక ప్రోటీన్ వదుల్తాది. అది పోయి, 'రాండప్పా, నాకు నెత్తురు కావల్ల' అని పక్కనుండే రక్తనాళాలను పిలుస్తాది. అవి కొత్త కొమ్మలేసి గడ్డలోకి వస్తాయి. దుడ్లుండే రైతు చుట్టూ బోర్లేసి పక్కోని బావి ఎండగొట్టినట్ల. ఇప్పుడిచ్చే మందు ఆ ప్రోటీన్‌ను పట్టుకుంటాది. ఇంగ బోరు పడదు. గడ్డ ఎండల్ల."

"ఎండల్ల బావా," అన్నాడు రాజేంద్ర తల ఎత్తకుండా. వీడికి సైన్సు ఎక్కదని వేణుగోపాల్ జాలిపడ్డాడు.

ఇంటికెళ్తే శ్రీరంగప్ప రెండు సంగటి ముద్దలు లాగించి మూడోదానికి చెయ్యి చాపుతున్నాడు. తెలియనితనం ఎంత సుఖం! వేణుగోపాల్‌కే ముద్ద దిగలేదు. ఈ తిరుగుళ్లకు ప్యాంటు కూడా నడుం దగ్గర రెండించులు వదులైంది.

మందు ఎక్కించే రోజు నాయన, కొడుకు, కోడలు ముగ్గురూ బస్సులో అనంతపురం బయల్దేరారు.

"ఉత్త అల్సర్ నాయనా. సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. కండ్లు మూసుకో, అయిపోతాది."

"నొప్పి పుడితే?"

"పుట్టినా ఓర్చుకోవల్ల. ఎన్ని నెలలైనా నేనొస్తా. మధ్యలో మానేదే లేదు."

"మానకూడదు. ఒట్టెయ్యప్పా."

వేణుగోపాల్ ఒట్టేశాడు. ముసలాయన ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. పిచ్చి నాయన, ఎంత సులువుగా నమ్మేశాడో అని వేణుగోపాల్ కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు.

వార్డులో శ్రీరంగప్ప బుద్ధిగా మంచమెక్కి పడుకున్నాడు. కొడుకు దుప్పటి సర్ది, ధైర్యంగా ఉండమన్నాడు. లక్ష్మీప్రసన్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నర్సు సెలైన్ స్టాండు తోసుకొచ్చి, "పెద్దాయనా, నువ్వు దిగు, పేషెంటును పడుకోనీ" అంటూ వేణుగోపాల్ చొక్కా చేతిని మోచేతి పైకి మడిచింది.