కీరన్ పేరు

ఫెర్గస్ నిచ్చెనను ఒక్క తన్ను తన్నాడు. బోర్డు మీద పేరు రాస్తున్న తమ్ముడు లాక్లన్, రంగు డబ్బాతో సహా డండీ రేవు వీధిలో రాళ్ల మీద పడ్డాడు.

"ఇన్నేళ్లు జైల్లో ఉండి ఈ పొద్దున బయటికొచ్చాను. నీ చేపల కొట్టుకి నేను చంపినవాడి పేరే దొరికిందా?"

లాక్లన్ లేవబోతుంటే ఫెర్గస్ అతని మొహం మీద గుద్దాడు. ముక్కులోంచి రక్తం కారింది. గోడకి అదిమి గొంతు పట్టుకున్నాడు.

"చెరిపెయ్యి. మన ఇంటిపేరు రాయి."

"రాయను అన్నయ్యా."

"నీకోసమే కదరా వాణ్ణి పొడిచింది. నీ మొహం పచ్చడి చేస్తే చూస్తూ ఊరుకోవాలా?"

"ఎందుకు కొట్టాడో ఒక్కసారైనా అడిగావా? చెబుదామని జైలుకొస్తే నన్ను కలవనన్నావు."

ఫెర్గస్ పట్టు వదల్లేదు.

"ఈ కొట్టు మేమిద్దరం కలిసి పెడదామనుకున్నాం. నా పేరు పెట్టాలని నేను, తన పేరు పెట్టాలని కీరన్. మాటా మాటా పెరిగింది. ముందు చెయ్యి చేసుకుంది నేనే." లాక్లన్ రక్తం ఉమ్మాడు. "సాయంత్రానికి ఇద్దరం నవ్వుకున్నాం. సరే, నీ పేరే పెడదాం పొమ్మన్నాను. ఆ మాట నీకూ చెబుతానని వాడు మనింటికొచ్చాడు. తలుపు నువ్వు తీశావు."

తమ్ముడి కోసం చేశానన్న ఒక్క మాట మీదే ఫెర్గస్ ఆ జైల్లో బతికాడు. అతని చెయ్యి మెల్లగా కిందికి జారింది.

"నవ్వుతూ ఏదో చెప్పబోయాడు," అన్నాడు చివరికి. "నేను చెప్పనివ్వలేదు."