పిలుపు అందే ఇల్లు

“ఆ తీగ ఈసారి తెగుతుంది చూడు,” అంది ఒటీలియా, రోప్‌వే పెట్టె ఇంకా నేల వదలకముందే.

పక్కనే కూర్చున్న ఆడపడుచు అగాథా ఆమె చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరకు వంగింది. “పోయినేడూ ఇదే అన్నావు వదినా. తీగ నీ మాట వినడం మానేసింది.”

ఎదురుగా ఉన్న పట్నం వాళ్ళు నవ్వారు. కొండ మీద మూడొందల ఏళ్ళ నాటి రాతి ప్రార్థన మందిరాన్ని, దాని వెనకున్న సరస్సును చూడటానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. వేసవి వచ్చిందంటే ఇలాంటి గుంపుల్ని పైకి తీసుకెళ్ళడం జోస్ట్ పని. ఈ ఆదివారం గుంపులో ఒటీలియా కూడా ఉండటం అతనికి వింతగా తోచింది. ఆమె పుట్టి పెరిగిన కొండలే ఇవి, చూడటానికి ఆమెకు కొత్తగా ఏముంటుంది?

ఆమె వచ్చింది మందిరం కోసం కాదు. ఆమె కొడుకు మెల్కియోర్ ఆ పైనే వేసవంతా ఆవుల్ని మేపుతూ, జున్ను చేస్తూ ఉంటాడు. పొద్దు వాలగానే మేత కాపరి కొండ మీది శిలువ దగ్గర నిలబడి, పాలు వడకట్టే చెక్క గరాటును నోటికి ఆనించి తనవాళ్ళ పేర్లు చెబుతూ నాలుగు దిక్కులకూ దీవెన పిలవాలి. ఆ గొంతు వినబడినంత మేరా మనుషులకీ పశువులకీ ఆ రాత్రి ఏ ఆపదా రాదని వాళ్ళ నమ్మకం. లోయలో ఆ పిలుపు అందేది ఒక్క ఇంటికే. అందరికంటే ఎత్తున, విసిరేసినట్టుండే ఒటీలియా ఇంటికి.

ఈ ఏడు ఆ పిలుపు వినబడలేదు.

తప్పు తనదేనని ఆమెకు తెలుసు. మొగుణ్ణి పొట్టన పెట్టుకున్న కొండ అది. ఈసారి వెళ్ళొద్దని, కింద హోటల్లో పని చూసుకోమని కొడుకుని బతిమాలింది. వినకపోయేసరికి, గుమ్మంలో నిలబడి అనకూడని మాట అనేసింది. వెళితే నాకు కొడుకు లేడనుకుంటాను అంది. మెల్కియోర్ ఆవుల్ని తోలుకుని వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం కిటికీ తెరిచి కూర్చుంటోంది. మొదట్లో గాలి ఇటు లేదేమోనని సర్దిచెప్పుకుంది. తర్వాత కాలు విరిగి పడి ఉన్నాడేమోనని వణికింది. కానీ వారం వారం జున్ను మాత్రం కిందికి దిగుతూనే ఉంది. అంటే మనిషి బాగానే ఉన్నాడు. తల్లిని దీవెనలోంచి తీసేశాడు, అంతే. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? అగాథాకి కూడా చెప్పలేదు. కొడుకుని ఒక్కసారి చూసొస్తానని మాత్రం అంది.

రోప్‌వే దిగాక దారి జలపాతం పక్క నుంచి పోతుంది. అక్కడ జోస్ట్ నోటి చుట్టూ రెండు చేతులూ దొప్పలా పెట్టుకుని ఏదో చెప్పాడు. ఈ మనిషికి ప్రతిదీ నాటకమే అనుకుంది ఒటీలియా. నీళ్ళకేసి చూస్తే ఎప్పటిలాగే దూకుతున్నాయి గానీ, వెనకటి హోరు లేదు. కొండకి కూడా వయసు మీద పడుతోందనుకుంది. నాచు పట్టిన రాళ్ళ మీద ఎవరో ఒకరు జారి పడతారని పట్నం ఆడవాళ్ళను హెచ్చరిస్తూ నడిచింది.

మందిరంలో గోడ మీది పాత బొమ్మల్ని జోస్ట్ చూపించాడు. హిమపాతంలో పోయినవాళ్ళ పేర్లు చదివాడు. ఒటీలియా వాటివైపు చూడలేదు. గుమ్మంలోంచి సరస్సు అవతలి మేత బయలు కేసి చూస్తూ నిలబడింది. ఆవులున్నాయి. మెల్కియోర్ జాడ లేదు.

సాయంత్రానికి వాళ్ళు గుడిసె చేరేసరికి మంచు తెర దిగిపోయింది. పదడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. తప్పిపోయిన దూడను వెతుక్కుంటూ మెల్కియోర్ పైకి వెళ్ళాడని, అటు నుంచి అటే శిలువ దగ్గరకు పోతాడని, తల్లి వచ్చిన సంగతి అతనికి తెలియనే తెలియదని జోస్ట్ పక్క గుడిసె కాపరిని అడిగొచ్చి చెప్పాడు. రాత్రికి అందరూ ఎండుగడ్డి అటక మీద పడుకోవచ్చన్నాడు. పిలుపు వేళ ఎవరూ మాట్లాడొద్దని మరీ మరీ చెప్పాడు.

అందరూ గుడిసె ముందు నిలబడ్డారు. జోస్ట్ టోపీ తీశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ తీశారు. ఒటీలియా గుంపుకి ముందుగా వెళ్ళి, మంచులోకి మెడ చాచి నిలబడింది. ఒక్కసారి వినబడితే చాలు. తన కోసం కాకపోయినా ఫరవాలేదు, ఆవుల కోసం పిలిచినా చాలు, ఆ గొంతు వింటే చాలు.

మంచు అలాగే ఉంది. చలికి కాబోలు, పట్నం ఆవిడ ఒకామె కళ్ళు తుడుచుకుంది. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి జోస్ట్ టోపీ పెట్టుకున్నాడు. ఒక్కొక్కరే, అడుగుల చప్పుడు కూడా కానివ్వకుండా, గుడిసెలోకి వెళ్ళిపోయారు.

ఒటీలియా వెనక్కి తిరిగింది.

“ఎవరో చెప్పేసి ఉంటారే వాడికి,” అంది అగాథాతో. “అమ్మ వచ్చిందని తెలిసే ఊరుకున్నాడు. ఇన్ని రోజులూ కిటికీ దగ్గర చెవులప్పగించి కూర్చున్నాను. నా ఒక్కదాని మీద కోపంతో కొండకంతటికీ దీవెన మానేశాడు.”

అగాథా ఆమె మొహంలోకి చూసింది. మంచు కేసి చూసింది, మళ్ళీ వదిన కేసి చూసింది. తర్వాత దగ్గరగా వచ్చి, ఒటీలియా తల మీది శాలువా పక్కకి తొలగించి, చెవికి నోరు ఆనించింది.

“ఇప్పుడే నీ పేరుతో ముగించాడు, వదినా.”