లోపలి ముడి

స్టూలు తిరగేసి అడుగు చూడందే ఆమె కొనదు.

"మళ్ళీ అదే పరీక్షా పిన్నిగారూ?" అన్నాడు గుమస్తా. "బంగారాన్ని కూడా ఎవరూ ఇంతగా చూడరు."

ఆమె నవ్వలేదు. నులక చివర్ని వేలితో తడుముతోంది. మామూలుగా అల్లేవాళ్ళు ఆఖరి ముడి కిందికి వదిలేస్తారు. దీనికి అలా కాదు. ముడిని స్టూలు కాలి వెనక్కి తిప్పి అల్లిక లోపలికి దోపేశారు. ఆమె వేలు అక్కడ ఆగింది.

"ఈ నెల కూడా ఆ చెయ్యే" అంది.

"ఆ చెయ్యి కాకపోతే మీరు కొనరని మాకు తెలీదా ఏంటి."

ఆ దుకాణంలో ఉన్నవన్నీ ఇక్కడి మనుషులు చేత్తో చేసినవే. దుప్పట్లు, సబ్బులు, చెక్క బల్లలు. వెనక వర్క్‌షాపులో తయారవుతాయి. అందులోకి బయటివాళ్ళని రానివ్వరు. చేసినవాళ్ళ పేర్లూ చెప్పరు. ఎదురుగా బజార్లో విదేశీ ప్లాస్టిక్ స్టూళ్ళు చవగ్గా గుట్టలు పోసి అమ్ముతుంటే జనం ఇటు తలైనా తిప్పరు. ఆమె మాత్రం నెల తిరిగేసరికి ఠంచనుగా వచ్చి నిలబడుతుంది.

పక్కింటావిడకి ఇదో వింత.

"ఉన్నది నువ్వొక్కదానివి. ఇన్ని స్టూళ్ళ మీద ఎవరు కూర్చుంటారు వదినా? నాకొకటి ఇవ్వరాదూ" అని ఓసారి అడిగేసింది.

ఆమె ఇవ్వలేదు. తనూ వాటి మీద కూర్చోదు. వెనక గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి తలుపు వేసేస్తుంది.

"మీ అన్నయ్య విద్య అది" అని మాత్రం అంది.

అదీ నిజమే. ఆమె భర్త నులక అల్లేవాడు. ఆ లోపలి ముడి ఆయన కనిపెట్టిందే. విద్య దగ్గర పరమ పిసినారి. ఎవరెంత బతిమాలినా నేర్పలేదు. ఒకే ఒక్క శిష్యుణ్ణి ఇంట్లో పెట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. తర్వాత ఆయన పోయాడు. మొగుడి విద్య మట్టిలో కలిసిపోకూడదని పాపం ఎంత తాపత్రయమో అని పక్కింటావిడ వీధంతా చెప్పుకొచ్చింది. వీధి మెచ్చుకుంది. స్టూలు మాత్రం ఎవరూ కొనలేదు. మెచ్చుకోడానికి ఖర్చేముంది?

ఆమెకి మెప్పు అక్కర్లేదు, స్టూలు కావాలి. ఒకసారి పనివాడికి జ్వరమని స్టూలు రాలేదు. ఆ నెలంతా ఆమెకి కంటి మీద కునుకు లేదు. పై నెల వచ్చాకే కాస్త తిండి సయించింది.

"మీకో మంచి మాట చెప్పనా పిన్నిగారూ?" అన్నాడు గుమస్తా, స్టూలుకి కాగితం చుడుతూ. "ఇదే ఆఖరుది."

సంచీలో ఆమె చెయ్యి ఆగిపోయింది. "అంటే?"

"ఇవి అల్లే ఆయన వెళ్ళిపోతున్నాడు. అంతా మీ చలవే. మీరు నెలనెలా కొనబట్టే ఆయన పనితనం పైవాళ్ళ కళ్ళలో పడింది. ఇంత బుద్ధిగా పనిచేసేవాణ్ణి ఇంకా ఇక్కడ ఉంచడం ఎందుకని గడువుకి ముందే పంపించేస్తున్నారు. సొంతంగా దుకాణం పెట్టుకుంటాడట."

"ఎప్పుడు బాబూ?"

"రేపు పొద్దున్నే."

ఆమె సంచీలోంచి డబ్బు తీసి రెండుసార్లు లెక్కపెట్టింది. సంతోషంతో లెక్క తప్పుతోందనుకున్నాడు గుమస్తా.

"చెప్పకూడదుగానీ, మీ సంగతి ఆయనతో అనేశాను. ముడి తడిమి చూసిగానీ కొనని పెద్దావిడ ఒకరున్నారని. ఎలా ఉంటారని అడిగాడు. చెప్పాను. 'అయితే మా గురువుగారి భార్యే' అన్నాడు. ఇన్నాళ్ళూ మాతో ఒక్క ముక్కైనా అనలేదే మీరు."

"ఇంకేమన్నాడు?"

"వెళ్ళగానే ముందు మీ ఇంటికే వస్తానన్నాడు. అడ్రసు కనుక్కోమంటావా అంటే, అక్కర్లేదు, ఇల్లు బాగా తెలుసన్నాడు."

ఆమె తలూపింది. డబ్బిచ్చి, స్టూలు చంకన పెట్టుకుని ఎప్పటిలాగే నడిచి ఇంటికొచ్చింది. గుమ్మంలో పక్కింటావిడ "దొరికిందా వదినా" అంటే "ఆఁ, దొరికింది" అంది. ఏడుపు రాలేదు.

లోపలికెళ్ళి గడియ పెట్టింది. వెనక గదిలోంచి స్టూళ్ళు ఒక్కొక్కటే మోసుకొచ్చి వీధి తలుపుకి అడ్డంగా పేర్చడం మొదలుపెట్టింది.

ఆ దుకాణం జైలుది, ఆ శిష్యుడు ఆమె సాక్ష్యంతో శిక్షపడ్డ అల్లుడు, తన కూతుర్ని చంపిన ఆ అల్లుడు ఇంకా లోపలే ఉన్నాడని నెలనెలా ఆమెకి చెప్పింది ఆ ముడి ఒక్కటే.