పైనున్న మనిషి

“మతి చెడిన మనిషి చేతికా తాడిచ్చేది? నీకేమైనా పిచ్చా?” మేస్త్రీ గయ్యిమన్నాడు.

“అన్న పట్టుకుంటేనే దిగుతా,” అన్నాడు పెయింటర్. అతను మొండికేస్తే కదిలించడం ఎవరి తరమూ కాదు. మేస్త్రీ తిట్టుకుంటూ కిందికి పోయాడు.

తొమ్మిదో అంతస్తు పైన ఇనప గుంజకు తాడు చుట్టి ఉంది. దాని చివర పలక. పలక మీద పెయింటర్, ఒళ్ళో రంగు డబ్బా. పైనున్న మనిషి కొద్దికొద్దిగా వదిలితే పలక మెల్లగా దిగుతుంది. చేతులెత్తేస్తే ఒక్కసారే దిగుతుంది.

ఒకప్పుడు ముగ్గురు కలిసి పనిచేసేవాళ్ళు. అన్న, అన్న సొంత తమ్ముడు, పెయింటర్. ఆ తమ్ముడు ఇలాంటి పలక మీంచే పడి చనిపోయాడు. అన్న వేసిన ముడి ఊడిపోయిందన్నారు. తమ్ముణ్ణి చేతులారా చంపుకున్నానని అన్న గోడలకు చెప్పుకునే స్థితికొచ్చాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి వారమే అయింది.

పలక గాల్లోకి జరగ్గానే పెయింటర్ చూడకూడదనుకుంటూనే కిందికి చూశాడు.

“మందులు వేసుకున్నావా అన్నా?”

“వేసుకున్నా. ఇవాళ నేనేం చేసినా నా బుద్ధితో చేసినట్టే.”

పెయింటర్ చేతిలోని బ్రష్ గోడకు ఆనడం లేదు.

ఎనిమిదో అంతస్తు దగ్గర తాడు ఆగింది.

“అన్నా!”

పైనుంచి గొంతు వినిపించింది.

“పడేటప్పుడు మనిషికి తెలుస్తుందంటావా?”

పెయింటర్‌కు చచ్చేంత భయమేసింది.

ఉన్నట్టుండి తాడు వదులైంది. పలక జర్రున జారింది. రంగు డబ్బా ఎగిరిపోయింది. “అమ్మా!” అంటూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తాడు బిగుసుకుంది.

పైన అన్న వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే తాడు వదిలాడు, కొద్దికొద్దిగా, పెయింటర్ కాళ్ళు నేలకు ఆనేదాకా.

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. “బతికొచ్చావు, పో! ఇంతకీ ఆ పిచ్చాయన మీద ఏమిట్రా నీకంత నమ్మకం?”

పెయింటర్ అక్కడే కూలబడ్డాడు.

పొద్దున తాడు చేతికిస్తూ అన్నతో అతను చెప్పింది ఒక్కటే, ఆ రోజు ముడి ఊడలేదు, ఫోన్ మోగితే తాడు వదిలేసింది నేనే అని.