లకాస్ గారి ఏర్పాటు

తలుపు రెండోసారి కొడితేగాని బెన్వా తీయలేదు. తీసినా సగమే. హెడ్‌ఫోన్లు చెవులకి అలాగే ఉన్నాయి.

“అరగంట పిల్లల్ని చూసుకో. కోల్బర్న్ పిలుస్తాడు. నా ఉద్యోగం సంగతి ఇవాళ తేలిపోతుంది,” అంది ఒడీల్. చంకలో చంటిది ఆమె జుట్టు పీకుతోంది.

“ఇప్పుడా? నాకూ పని ఉందే.”

“నిన్ననే చెప్పాను.”

“చెప్పావులే. ఆయన మరీ అంత చెడ్డవాడేం కాదు, నెమ్మదిగా మాట్లాడు. ఇంటి గొడవలు మాత్రం ఎత్తకు,” అంటూ భర్త మళ్లీ తలుపు మూసుకున్నాడు. చప్పుడు రాకుండా కింద సందులో తువ్వాలు కూడా దూర్చాడు.

మార్చిలో కరోనా వల్ల బడీ, పసిపిల్లల కేంద్రమూ మూతపడ్డప్పుడు ఇద్దరూ అనుకున్నది వేరు. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు పిల్లల్ని చూడాలని. వారం తిరక్కుండానే పడకగది అతని ఆఫీసైంది. మిగతా ఇల్లంతా ఆమెకి మిగిలింది. బట్టలారబెట్టే యంత్రం మీద లాప్‌టాప్ పెట్టుకుని, చంటిదాన్ని కాలితో ఊపుతూ, పెద్దవాడు రెమికి తెరమీద పాఠం వెతికిపెడుతూ, నేలమాళిగల్లోకి నీళ్లొచ్చినవాళ్ల బీమా గోడు ఫోన్లో వినేది. మొన్న ఒక పెద్దాయన తన గోడు చెప్పుకుంటుంటే చంటిది గుక్కపట్టింది. ఆయన పైవాళ్లకి ఫిర్యాదు చేశాడు.

కోల్బర్న్ ఏప్రిల్లో వచ్చిన కొత్త అధికారి. వేరే ఊళ్లో ఉంటాడు. తన కింద పనిచేసేవాళ్లని తెరమీద తప్ప చూడలేదు. ఆమె ఇంటి గురించి అడిగింది కూడా ఒక్కసారే, గార్నో మీవారి ఇంటిపేరా అని. ఇక్కడ క్యూబెక్‌లో పెళ్లయినా భార్యాభర్తలు ఎవరి ఇంటిపేరు వాళ్లదేనని చెప్పింది. అంతటితో సరి.

అన్న వేళకే పిలిచాడు. సోమవారం నుంచి ఆమెకి బీమాదారుల ఫోన్లు కలపరట, సగం రోజే పని. వేసవి దాటాక అదీ ఉంటుందని మాట ఇవ్వలేడట. ఆమె ఎదురుచూస్తున్న పర్యవేక్షక పదవి లకాస్‌కి వెళ్తోంది. ఆ లకాస్ కొత్తలో పక్క బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అతనికి ఫైలు చదవడం నేర్పింది ఒడీలే.

“మీ పనికి వంక పెట్టడం లేదు, మేడమ్ గార్నో. మీ వెనక గోలకే. లకాస్‌కీ ఇద్దరు పిల్లలేనట. ఒక్కనాడైనా ఏడుపు వినిపించిందా? పట్టుదల ఉంటే ఏదో ఒక ఏర్పాటు కుదురుతుంది.”

ఒడీల్‌కి ఒళ్లు మండింది. “ఆ పిల్లల్ని ఎవరు చూస్తున్నారో అడిగారా ఎప్పుడైనా?”

“అది ఆయన సొంత విషయం.”

“నాదైతే ఆఫీసు విషయమా? పిల్లలు ఏడవని ఇల్లుంటుందా అండీ? ఆ ఏడుపు ఇంకెవరి చెవినో పడుతోంది. ఆ ఇంకెవరికో ఉద్యోగం ఊడుతుంది, ఈయనకి మెప్పొస్తుంది.”

కోల్బర్న్ నొచ్చుకున్నాడు. తోటి ఉద్యోగి మీద అసూయ మంచిది కాదన్నాడు. కావాలంటే ఆయన్నే అడిగి నేర్చుకోమంటూ లకాస్‌ని కూడా లైన్లోకి తీసుకున్నాడు. వంటింట్లోంచి రెమి, సూప్ పొంగిపోతోందమ్మా అని అరుస్తున్నాడు. ఒడీల్ కదల్లేదు.

“లకాస్, మేడమ్ గార్నో లైన్లో ఉన్నారు. పిల్లలతో ఎలా నెగ్గుకొస్తున్నావో కాస్త చెప్పవయ్యా.”

ఒడీల్ లాప్‌టాప్ మీదికి వంగింది. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు.

లకాస్ గొంతు సవరించుకున్నాడు. “పెద్ద విద్యేం కాదండీ. కాస్త క్రమశిక్షణ ఉంటే చాలు.”

ఆ మాట లైన్లోనే కాదు, పడకగది తలుపు వెనకనుంచి బెన్వా గొంతులో కూడా వినిపించింది.