గ్రిమ్స్‌బీ అభిమాని

"సోమవారం నుంచి మీ ఎనిమిది మందీ రానక్కర్లేదు లెన్," అంది ఫియోనా. "ఆ పని కంప్యూటర్ చేసేస్తుంది. తేడా ఎవడికీ తెలియదు."

లండన్‌లో భారీ సినిమాల నేపథ్య సంగీతానికి వాయిద్యకారులను కుదిర్చేది ఆవిడే. లెన్ హాస్కిన్స్ ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో డబుల్ బాస్ వాయిస్తున్నాడు. మనిషికన్నా ఎత్తుండి, బాగా లోతైన స్వరాలు పలికే ఆ వాయిద్యాలు వాయించేవాళ్లు అతనితో కలిపి ఎనిమిది మంది.

"ఒకడికి తెలుస్తుంది," అన్నాడు లెన్.

జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. గ్రిమ్స్‌బీ అనే రేవు ఊళ్లో చేపల ఫ్యాక్టరీలో పనిచేసే నోయెల్ స్టాబ్స్ ప్రతి పెద్ద సినిమాకీ మొదటి వారమే వెళ్తాడు. ముందు వరసలో, పెద్ద స్పీకర్ పక్కనే కూర్చుంటాడు. ఇంటికొచ్చి సంగీతం మీద తన అభిప్రాయాలు ఇంటర్నెట్‌లో పెడతాడు. మొహమాటం లేదు. సొరంగం సినిమాలో రెండు గంటలపాటు డ్రమ్ములు బాదారనీ, ఎందుకు బాదారో బాదినవాళ్లకే తెలియాలనీ రాశాడు. తిమింగలం సినిమాకి మాత్రం మూడుసార్లు వెళ్లాడు. లెన్ ఆ ముక్కే చదివాడు.

"కెప్టెన్ తలుపు మూయగానే అన్నీ ఆగిపోయి బాస్‌లు మిగులుతాయి. అందరూ ఒక్కసారిగా రారు. చీకటి గదిలోకి ఒకరి వెనక ఒకరు జాగ్రత్తగా అడుగుపెట్టినట్టు వస్తారు. వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లకి నా కృతజ్ఞతలు."

లెన్ కాగితాన్ని మళ్లీ మడతల ప్రకారమే మడిచాడు. "ముప్ఫై ఒక్క ఏళ్లలో మా గురించి ఎవరైనా రాసింది ఇదొక్కటే."

ఫియోనా నవ్వింది. ఆ మనిషి వయొలిన్ల గురించి ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదనీ, ఫ్లూటు ఊసే ఎత్తడనీ, అతని పేరు చెబితే వయొలిన్ వాళ్లు మండిపడతారనీ అంది. అలాంటివాడి మాట పట్టుకుని ఎనిమిది మందికి పని ఇవ్వాలా?

"పిలిపించి పరీక్ష పెట్టు. ఒక్కటి తప్పినా సరే, మేం నోరెత్తకుండా పోతాం."

శనివారం పదకొండింటికి, ఆర్కెస్ట్రా అంతా వాయిద్యాలతో కూర్చుని ఉండగా, నోయెల్ రికార్డింగ్ హాల్‌కి వచ్చాడు. వెంట అక్క డోరీన్ ఉంది. తమ్ముడు కొత్తవాళ్లతో మాట్లాడడని ఆవిడే చెప్పింది. మాట్లాడలేదు గాని, బాస్ వాళ్ల దగ్గరికి నేరుగా నడిచి ఒక్కొక్కరి చేతినీ తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కాడు. పొగబెట్టిన చేపల పొట్లాలు ఎనిమిది తెచ్చాడు. తలకొకటి ఇచ్చాడు.

నియమాలు ఫియోనా ముందే ఉత్తరంలో పంపింది. ఒకే సంగీతం రెండేసిసార్లు స్పీకర్లలో వస్తుంది. ఒకసారి మనుషులు వాయించింది, ఒకసారి కంప్యూటర్ చేసింది. ఏది ఏదో చెప్పాలి. అలాంటివి అయిదు జతలు. సైగలకు వీల్లేకుండా నోయెల్ ఆర్కెస్ట్రాకి వీపు పెట్టి కూర్చోవాలి. హాల్లో ఎవరూ పెదవి విప్పకూడదు. జవాబు కాగితం మీదే.

నోయెల్ కూర్చుని బూట్లు విప్పాడు. మేజోళ్లు కూడా తీసి, వట్టి పాదాలు చెక్క నేల మీద ఆనించాడు. "బీచ్ అనుకున్నాడు కాబోలు," అని వయొలిన్ వాళ్లలో ఒకాయన గొణిగాడు. ఫియోనా అతనికేసి ఉరిమి చూసింది.

ఆవిడ ఒకటి అని రాసిన అట్ట ఎత్తింది. తర్వాత రెండు. నోయెల్ రాసిచ్చాడు. సరైనదే. రెండో జత, మూడో జత కూడా సరైనవే.

నాలుగో జత అయ్యాక అతను పెన్సిల్ ముట్టుకోలేదు. మళ్లీ వేయమన్నట్టు వేలు చూపించాడు. మళ్లీ వేశారు. నోయెల్ కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు, నుదురు రుద్దుకున్నాడు. వెనకాల లెన్ చేతిలో బాస్ వాయించే కమాను చెమటకి జారుతోంది. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి బాస్ నేర్చుకున్న కుర్రతనమంతా ఆ కాగితం ముక్క మీదే ఆధారపడి ఉందనిపించింది అతనికి. చివరికి నోయెల్ ఏదో రాసి ఇచ్చాడు.

ఫియోనా చదివింది. మళ్లీ చదివింది. నియమం పెట్టింది తానే అయినా పైకే చదివేసింది.

"రెండూ కంప్యూటర్‌వే."

ఆ జతలో ఆవిడ కావాలనే మనుషులు వాయించింది లేకుండా చేసింది. ఆ సంగతి రికార్డింగ్ ఇంజినీర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

అయిదోది ఆవిడ లాంఛనంగా వేయించింది. అదీ సరైనదే.

"సోమవారం పదింటికి, లెన్," అంది ఫియోనా. "ఎనిమిది మందీ రావాలి. ఆలస్యం చేస్తే ఊరుకోను."

ఆర్కెస్ట్రాలో చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి చప్పట్లు కొట్టరు. తోటివాడు గొప్పగా వాయిస్తే కూర్చున్నచోటే బూట్లతో నేలను రుద్దుతారు. ఆ రోజు ఎనభై మంది బూట్లు ఒక్కసారి నేలను రుద్దాయి, వయొలిన్ వాళ్లవి కూడా. నోయెల్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. అతని మొహం వెలిగిపోయింది.

లెన్ నోయెల్ దగ్గరికి వచ్చాడు. తన కమాను అతని చేతిలో పెట్టి, వేళ్లు మూసి, తల వంచాడు.

ఫియోనా డోరీన్ వైపు తిరిగింది. "ఒక్క సంగతి అడగనా? ఇంత పసిగట్టేవాడు వయొలిన్ల గురించి ఎందుకు రాయడు? మావాళ్లు అలుగుతున్నారు."

డోరీన్ తమ్ముడి భుజం తట్టి, గాలిలో చకచకా వేళ్లు తిప్పింది. అతను నవ్వి, వేళ్లతోనే బదులిచ్చాడు.

"మావాడికి పుట్టుకతోనే వినపడదండీ," అంది డోరీన్. "వయొలిన్లు అరికాళ్ల దాకా రావంటున్నాడు."