మూరెడు లోపల

"కమోడ్‌లో టీ పోస్తున్నావేంటి? పొద్దున్నే పిచ్చిగానీ పట్టిందా?"

భర్త గొంతు వినగానే ఆమె ఉలిక్కిపడి గిన్నెను వెనక్కి దాచుకుంది.

"ష్! నాన్న వింటాడు. టీ కాదు, ఉత్త డికాషన్. మూడు రోజుల నుంచి పోస్తున్నా. చూడండి, ఎంత బాగా గారపట్టిందో!"

"బాగానా?"

"నీళ్ళు కూడా సరిగ్గా దిగట్లేదు. అది మాత్రం నా ఘనత కాదు. నిన్నటి నుంచి దానంతటదే మొరాయించింది. అడక్కుండానే వరం దొరికినట్టయింది."

ఆమె తండ్రి నలభై ఏళ్ళు ప్లంబరుగా పనిచేశాడు. రెండు నెలల క్రితం పనికి స్వస్తి చెప్పి, పనిముట్ల సంచీతో సహా కూతురి ఇంటికి వచ్చేశాడు. మొదట్లో బాగానే ఉన్నాడు. రానురాను కిటికీ పక్కన కుర్చీ, ఆయనా అంతే. ఒకప్పుడు నోరు మూయించడమే కష్టమైన మనిషి నోట్లోంచి ఇప్పుడు మాట రావడమే గగనమైపోయింది. ఇలాగే కూర్చుంటే నాన్న దక్కడని ఆమెకు భయం పట్టుకుంది. ఆమె పనిచేసే కంపెనీ మూతపడి నలభై రోజులైంది. ఒకందుకు అదీ మంచిదే, నాన్నను చూసుకోవడానికి తీరిక దొరికిందని అందరికీ చెబుతోంది. ఆ తీరికలో తల దువ్వుకోవడం కూడా మర్చిపోతోంది, అది వేరే సంగతి.

"సరే కానీ, తవ్విన గోతిలో నువ్వే పడేవు, జాగ్రత్త!" అని నవ్వుతూ భర్త ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆమె తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, బాత్రూమ్‌లో నీళ్ళు దిగట్లేదు. రంగు కూడా మారిపోయింది. ఎవరైనా ప్లంబర్ని పిలవనా?"

"ప్లంబర్నా? నేనింకా బతికే ఉన్నాగా!" అంటూ ఆయన లేచాడు. ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇంతలో ఆయన మోకాళ్ళు పట్టుకుని మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "అయ్యో, ఇవి వంగి చావవే! నేను చెబుతా, నువ్వు చెయ్యి."

"నేనా? నాకు ఓపిక లేదు నాన్నా."

"అయితే వద్దులే." ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

"చేస్తా, చేస్తా!" అందామె కంగారుగా.

బాత్రూమ్‌లో బకెట్ బోర్లించి దానిమీద మహారాజులా కూర్చున్నాడాయన. "చిన్నమేస్త్రీ, సంచీ పట్రా!" అని కేకేశాడు. చిన్నప్పుడు సెలవుల్లో తన వెంట పనికి వచ్చే కూతురికి ఆయన పెట్టుకున్న పేరది. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో! ఆమె కళ్ళు చెమర్చాయి.

ముందు మరక పని పట్టారు. ఆయన ముందుకు వంగి చూసి, వాసన చూసి, బుర్ర గోక్కున్నాడు.

"నలభై ఏళ్ళలో ఇలాంటి గార చూళ్ళేదమ్మా. నీళ్ళే మారిపోయినట్టున్నాయి."

ఆమె నవ్వు ఆపుకోలేక బ్రష్ కోసం అటు తిరిగింది. వంటసోడా, నిమ్మ ఉప్పు చల్లగానే బుసబుసా నురగ లేచింది. రుద్దడం ఆమె వంతు, కబుర్లు ఆయన వంతు.

"ఓసారి ఒకాయన కట్టుడు పళ్ళు ఇందులో పడిపోతే తీసిచ్చా. అక్కడే కడిగి పెట్టుకుని, 'భోంచేసి వెళ్ళవయ్యా' అన్నాడు. మూడు రోజులు ఆకలి చచ్చిపోయింది నాకు!"

ఆమె బ్రష్ వదిలేసి, పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది. ఆయన ఆమెనే చూశాడు.

"ఊఁ, ఇప్పుడు సంచీలోంచి తీగ తియ్యి. చివర కొక్కెంలా వంచు. మూరెడు లోపలికి పోనీ. అంతకన్నా వద్దు. ఎడమకి తిప్పు. తగిలిందా?"

"తగిలింది! లోపల చూసినట్టే చెప్పావే!"

"అనుభవమమ్మా. లాగు."

లాగింది. ముఖం మీద నీళ్ళు చిందాయి. కొక్కేనికి ఒక గళ్ళగుడ్డ వేలాడుతోంది. పొందిగ్గా చుట్టి ఉంది, మధ్యలో రాగితీగ కూడా కట్టి ఉంది.

"ఇదెక్కడిది నాన్నా?"

"మీ ఆయన బండి తుడిచే గుడ్డయ్యుంటుంది. చూస్తావేంటి, పారెయ్, పారెయ్!"

"సాయంత్రం రానీ, ఆయన పని చెబుతా."

"పాపం, అల్లుణ్ణేమీ అనకు." ఆయన గబగబా ఫ్లష్ నొక్కాడు. నీళ్ళు గిర్రున తిరిగి గుటుక్కున దిగిపోయాయి. అడుగు తళతళలాడింది. ఆయన చటుక్కున గొంతుక్కూర్చుని తొంగిచూశాడు. అంతలోనే గుర్తొచ్చి, "అమ్మో, మోకాళ్ళు!" అన్నాడు.

ఆమె తలస్నానం చేసింది. జడ వేసుకుంది. వారం రోజులుగా తను ఫోన్ ఎత్తని పాత సహోద్యోగికి తిరిగి ఫోన్ చేసి, కొత్త ఉద్యోగం గురించి రేపు మాట్లాడటానికి వస్తానంది. నాన్నను గెలిపించిన హుషారులో ఇవన్నీ చేసేసింది. మిగిలిన డికాషన్‌తోనే టీ కలిపి, కప్పు పట్టుకుని ఆయన గది దగ్గరికి వెళ్ళింది.

లోపల ఆయన తన పాత జతగాడితో ఫోన్‌లో గలగలా మాట్లాడుతున్నాడు. ఆ గొంతు వింటుంటే ఆమెకు కడుపు నిండిపోయింది. అలాగే గుమ్మంలో నిలబడి వింది.

"నవ్విందిరా! ఇన్నాళ్ళకి పకపకా నవ్వింది. పనంతా తనచేతే చేయించా... ఆ మరకా? అదెలా వచ్చిందో నాకూ అంతుపట్టలేదు. నీళ్ళు దిగని సంగతంటావా?"

ఆయన గొంతు తగ్గించాడు.

"గుడ్డ కుక్కింది నేనేరా."